నిమ్మచెక్కల మచ్చలు

కరీం ఉస్తాద్ పోయిన సంగతి నాకు నెల దాటాక తెలిసింది. నలభయ్యో రోజు ఫాతిహాకు ఖమ్మం నుంచి దమ్మపేట పోయాను. వాళ్లింట్లో తలవంచుకుని అన్నం తిని, చేయి కడుక్కుని, ఎవరూ పిలవకుండానే ఇంటి ముందున్న రేకుల షెడ్డులోకి నడిచాను. పంపుసెట్లు, డీజిల్ ఇంజన్లు బాగుచేసే ఆ షెడ్డులో నా ఇరవయ్యో ఏడు నుంచి ఆరేళ్లు పనిచేశాను. లోపల, నడిమధ్యన, ఇనప బల్ల అట్లాగే ఉంది. దాని మీద ఎవరో పాత బ్యాటరీలు, సగం వాడిన సిమెంటు బస్తా పెట్టారు. బస్తా అంచు వెంట ఎర్రటి పొలుసులు లేచి ఉన్నాయి. గోటితో గీరితే రాలాయి. ఉస్తాద్ బతికున్న రోజుల్లో ఆ బల్ల మీద టీ గ్లాసు పెట్టిన మొనగాడు లేడు. ఒక కరెంటాఫీసు పెద్దమనిషి పెట్టబోతే ఉస్తాద్ గ్లాసు కింద తన అరచేయి అడ్డం పెట్టాడు. చేయి కాలింది గాని బల్ల మీద మచ్చ పడలేదు.

ఈ చివరి మాట నిజమే. ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ బల్ల గురించి నేను చెప్పిన కథలు అంతకు ముందు చాలా ఉన్నాయి. గోదావరిలో మునిగిన తెల్లదొరల స్టీమరు అడుగు పలక అని బేరగాళ్లకు చెప్పేవాణ్ణి. ఒకాయనకు ఆకాశం నుంచి పడిందని చెప్పాను, ఆయన దండం పెట్టుకుని పోయాడు. అసలు సంగతి, అది బొగ్గు గనుల వైపు పాత ఇనుములో కొన్న అంగుళం మందం పలక. ఉస్తాద్ దాన్ని వయసులో ఉండగా నెలల తరబడి ఆకురాయితో రాకి, ఎక్కడా ఎత్తుపల్లం లేకుండా సాపు చేసుకున్నాడట. రైతు తెచ్చిన పంపు షాఫ్టు వంగిందో లేదో తేల్చేది ఆ బల్లే. షాఫ్టును దాని మీద పెట్టి ఒక్క వేలితో నెడితే మెల్లగా, చప్పుడు లేకుండా దొర్లాలి. వెంట్రుకవాసి వంకరున్నా టక్కున ఆగుతుంది, లేదంటే కిందనుంచి సన్నటి వెలుగు కనబడుతుంది. "మనిషి మాట తప్పుతడు, బల్ల తప్పది" అనేవాడు ఉస్తాద్. ఆ మాట అన్నప్పుడల్లా నా వంక చూసేవాడు. అప్పట్లో నాకు నవ్వొచ్చేది.

సాయంత్రం అసర్ నమాజుకు ఆయన మసీదుకు పోయి వచ్చేసరికి బల్ల శుభ్రమై ఉండాలి. ముందు బ్రష్షుతో ఇనప రజను ఊడ్చాలి, ఊదకూడదు, నోటి తడి పడుతుంది. తర్వాత కిరసనాయిలు గుడ్డ, ఆ తర్వాత పొడి గుడ్డ. ముసురు రోజుల్లో అయితే బల్ల కింద నిప్పుల తట్ట కాసేపు పెట్టి, పలక గోరువెచ్చన అయ్యాకనే నూనె రాయాలి. చల్లటి ఇనుము మీద కంటికి కనబడని చెమ్మ ఉంటుందని, దాని మీద నూనె రాస్తే దొంగను ఇంట్లో పెట్టి తాళం వేసినట్టేనని ఆయన లెక్క. "ఇనుము నిద్రపోదు బేటా. మనం ఇంటికి పోయినంకనే దాని పని మొదలైతది" అనేవాడు. రాసేది మామూలు ఇంజనాయిలు కాదు, ఇప్పనూనె. అందులో గోలీకాయంత తేనెమైనం కరిగించి కలిపేవాడు. చలికాలం పొద్దున షట్టరు ఎత్తితే బల్ల మీద తెల్లగా, పేరిన నెయ్యిలాగా సన్నటి పొర ఉండేది. కొంచెం వెన్న, కొంచెం చేదు, దాని వెనక కిరసనాయిలు. ఆ వాసన నా చొక్కాల్లోంచి ఎన్ని ఉతుకులకూ పోయేది కాదు. మా అమ్మ నా బట్టలు వేరే తాడు మీద ఆరేసేది.

ఆ నూనె రాసే పని మొదట నాదే. చేరిన రెండో వారంలో ఒక పొద్దున బల్ల మీద అయిదు వేళ్ల గుర్తు ఎర్రగా, గాజుల పెట్టె మీద ముద్ర కొట్టినంత స్పష్టంగా కనబడింది. ఉస్తాద్ నా చేయి లాక్కుని ఆ గుర్తు మీద ఆనించి చూశాడు. సరిపోయింది.

"నీ చెమటల ఉప్పు ఎక్కువరా వెంకన్నా. కొందరి చేతులు గంతే. ఇనుముకు పడవు."

"మా తాతలు సముద్రం ఈదుకుంట వచ్చిన్రు ఉస్తాద్."

"అవ్, అందుకే నీ మాటలు గూడ గట్లనే ఉంటయి. పోయి సోమయ్యను పిలువు."

సోమయ్య నాకంటే రెండేళ్లు చిన్న. అడవిలో కోయగూడెం వాడు. వాళ్ల గూడెం నుంచి చేతిపని నేర్చుకోను బజారుకు వచ్చిన మొదటివాడు. ఇప్పనూనె వాళ్లమ్మ ముత్తమ్మ గానుగ పట్టించి పంపేదే. మాట తక్కువ, వినడం ఎక్కువ. అతని చేయి రాత్రంతా బల్ల మీద ఆనించినా తెల్లారికి మచ్చ ఉండేది కాదు. ఆ రోజు నుంచి నూనె గుడ్డ సోమయ్య చేతికి పోయింది. నాలుగు నెలలు తిరిగేసరికి షాఫ్టు దొర్లించి చూసే పని కూడా ఉస్తాద్ అతనికే ఇచ్చాడు. "రెండేండ్లల్ల నువ్వు ఒంటి చేత్తోని షాపు నడుపుతవ్" అని నా ముందే అన్నాడు. ఆ మాటకు సోమయ్య సిగ్గుపడి నేల చూశాడు. నేను ఒక జోకేసి నవ్వించాను. లోపల మాత్రం నా చేతుల మీద నాకే ఏవగింపు కలిగింది. ఈ వయసులో ఒప్పుకోవడం తేలిక గనక ఒప్పుకుంటున్నాను.

మా షాపులో దసరాకు ఆయుధపూజ ప్రతి ఏడూ ఉండేది. ఉస్తాదే బల్ల పక్కన చెక్కపీట వేసి, దాని మీద పాత పేపరు పరిచి, "మీ సామాన్లు ఈడ పెట్టుకోండ్రి" అనేవాడు. పానాలు, ఆకురాళ్లు, సుత్తెలు పీట మీద పెట్టి బొట్టు పెట్టేవాళ్లం. కొబ్బరికాయ వాకిట్లో కొట్టాలి. ప్రసాదం ముక్క ఆయనా తినేవాడు. బల్లకు మాత్రం బొట్టు లేదు. నాకది లోటుగా ఉండేది. ఇంట్లో అమ్మ కొడవలికి, రోలుకు, నాన్న సైకిలుకు, చివరికి చీపురుకట్టకు కూడా బొట్టు పెట్టే మనిషి. షాపుకే పెద్దదిక్కయిన బల్లను ముండమోపిలాగా వదిలేయడం నాకు నచ్చలేదు.

నేను చేరిన నాలుగో ఏడు దసరా ముందు ఉస్తాద్, చెల్లెలికి బాగాలేక, ఖమ్మం దవాఖానాకు పోయాడు. సోమయ్య మర్నాడు గూడెం పోయాడు. తాళం నా చేతిలో. పండగ పొద్దున స్నానం చేసి వచ్చి, నూనె పొర కిరసనాయిలుతో తుడిచేసి, బల్లనిండా పసుపు పూసి, బొట్లు పెట్టాను. బల్ల అంచునే కొబ్బరికాయ కొట్టాను. నీళ్లు పలక మీద పారాయి, శుభమనుకున్నాను. నాలుగు నిమ్మకాయలు అడ్డంగా కోసి, కుంకం అద్ది, ఎనిమిది చెక్కలూ కోసిన ముఖం కిందికి చేసి వరసగా పెట్టాను. పూజ చేసిన పనిముట్టును మళ్లీ పనికి తీసేదాకా ముట్టకూడదు కదా. గాలికి పూలు ఎగురుతాయని మీద తడి గోనెపట్ట కప్పి, షట్టరు దించి, పాలపిట్టను చూడ్డానికి పోయాను. రెండు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు గోనె ఎత్తితే బల్ల బల్లలాగా లేదు. పలకంతా కాలిన ఇటుక రంగు. కొబ్బరినీళ్లు పారిన దారి నల్లటి చార. నిమ్మచెక్కలు తీస్తే కింద ఎనిమిది గుండ్రటి మచ్చలు, గోటికి తగిలేంత లోతున.

పూలు, చెక్కలు అవతల పారేసి, చేతనయినంత తుడిచి, ఏం చేయాలో తోచక ఎదురుగా ఉన్న టీ హోటల్లో కూచున్నాను. అక్కడ నాకు గిరాకీ ఎక్కువ. నేను కనబడితే నలుగురు కథ కోసం బెంచీ జరిగి చోటిచ్చేవాళ్లు.

"ఏంది వెంకన్నా, షాపు సగమే తెరిచినవ్?" అన్నాడు హోటలాయన.

"బల్లకు ఒంట్లో బాగలేదే."

"బల్లకేమైందిరా?"

"కైపెక్కింది. మన సోమయ్య ఊరికి పొయ్యేముందు, వాళ్ల దేవరకు పోసినట్టు బల్లకు గూడ ఇప్పసారా పోసిండు. అలవాటు లేని బల్లనాయె. తెల్లారేసరికి మొఖమంత ఎర్రగ ఉబ్బింది. పక్కన గ్లాసులు పెట్టుకొని తోడు గూడ కూసున్నట్టుండు, ఎనిమిది గ్లాసుల మచ్చలున్నయి. ఎవరన్న లెక్కవెట్టుకోవచ్చు."

హోటలంతా పగలబడి నవ్వింది. ఒకాయనకు పొలమారింది. నా జన్మలో అంత బాగా కుదిరిన కథ ఇంకోటి లేదు.

ఉస్తాద్ ఆ సాయంత్రమే బస్సు దిగాడు. షాపుకు రాకముందే కథ ఆయనకు ఎదురుపోయింది. నేరుగా వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. గుండ్రటి మచ్చల మీద వేలు పెట్టి ఒకటొకటే తడిమాడు. సారా వాసన వస్తే రోడ్డుకు అవతలి పక్కకు మారి నడిచే మనిషి ఆయన.

"సోమయ్య పోసిండా?"

కాదనడానికి కావలసినంత సేపు ఆయన నా ముఖం చూశాడు. "అవ్ ఉస్తాద్" అన్నాను.

మర్నాడు సోమయ్య కొత్త నూనె కుండ భుజాన పెట్టుకుని వచ్చాడు. ఉస్తాద్ తల ఎత్తలేదు. "కుండ ఆడ పెట్టు. నీ సామాను తీస్కపో" అన్నాడు. సోమయ్య బల్లను చూశాడు. బల్ల మూలన బిగించిన వైసు బోల్టుల సందులో ఇరుక్కున్న పసుపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. తన ఆకురాళ్లు రెండూ గుడ్డలో చుట్టుకుని బయటికి వచ్చాక, వెనకే పోయిన నాతో మెల్లగా అన్నాడు: "నిమ్మకాయలు కోసినవా అన్నా?"

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"నేను చెప్తే పెద్దాయనకు సాకు లెక్క ఉంటది. నువ్వు చెప్పు. నాకు ఈ పని పోతే మల్ల కూలే."

చెప్తానన్నాను. ఎనిమిది రోజులు చెప్పలేదు. ఆ ఎనిమిది రోజులూ బల్ల రాకాను. మొదట పాత రంపపు బ్లేడు అంచుతో పొలుసు గీకాలి. తర్వాత జల్లించిన ఇటుకపొడి కిరసనాయిలులో కలిపి, చెక్కముక్కకు గోనె చుట్టి, పలకంతా తిప్పుతూ రుద్దాలి. ఒక్కచోటే రుద్దితే గుంత పడుతుంది, అది మచ్చకన్నా పాపం. ఆ తర్వాత గరుకు ఎమరీ కాగితం, తర్వాత సన్నది, ఇంకా సన్నది. రంగు రెండు రోజుల్లో పోయింది. నిమ్మచెక్కల గుంతలు పోలేదు. వాటి లోతుకు పలకంతా దిగాలి. రోజుకు నాలుగుసార్లు షాఫ్టు పెట్టి దొర్లిస్తే ఆ ఎనిమిది చోట్లా టక్ టక్ మని తగిలేది. ఉస్తాద్ పక్కన స్టూలు మీద కూచుని ఆ చప్పుడు వినేవాడు. ఒకసారి మాత్రం అన్నాడు, "మంచి చేయి పోయిందిరా. గట్ల చేస్తడనుకోలే." నేను రుద్దుతూనే ఉన్నాను.

ఎనిమిదో రోజు షాఫ్టు చప్పుడు లేకుండా దొర్లింది. నిప్పుల తట్ట కింద పెట్టాను. పలక వెచ్చబడింది. ఉస్తాద్, సోమయ్య తెచ్చిన కుండ మూత తీయమన్నాడు. మూతకు వాసెన కట్టిన గుడ్డ వాళ్లమ్మ చీర కొంగు చించింది, మూడు ముళ్లు. రెండు విప్పాను. మూడోది నా చేత కాలేదు. నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాను, పసుపు దగ్గరి నుంచి గోనెపట్ట దాకా.

ఆయన కొట్టలేదు, తిట్టలేదు. "నాకొక్కనికే చెప్పినవా ఆ కిస్సా?" అన్నాడు.

"లేదు ఉస్తాద్. హోటల్ల చెప్పిన."

"ఇది గూడ ఆన్నే చెప్పు."

రోడ్డు దాటి పోయాను. అదే బెంచీ, ఇంచుమించు అదే మనుషులు. సారా లేదు, గ్లాసులు లేవు, కొబ్బరికాయ కొట్టింది నేను, నిమ్మకాయలు కోసింది నేను అన్నాను. హోటలాయన గంటె పక్కన పెట్టి మరీ విన్నాడు. అయిపోగానే ఒకాయన తొడ చరిచాడు.

"మొన్న సారా పోస్తివి, ఇయ్యాల కొబ్బరినీళ్లు పోస్తివి. రేపు పాలాభిషేకం అంటవేమో!"

"అమ్మతోడు, నిజం చెప్తున్న."

"అమ్మతోడు అన్నడంటె కథ ఇంక ఉన్నదిరా. కానియ్, కానియ్."

నవ్వారు. ఎంత గట్టిగా ఒట్టేస్తే అంత గట్టిగా నవ్వారు. కళ్లనీళ్లు తిరిగితే, "అబ్బ, యాక్షన్ గూడ నేర్సిండు" అన్నారు. సోమయ్య గురించిన కథ వాళ్లకు నచ్చింది. ఈ కొత్తది అంత బాగాలేదు.

మర్నాడు ఉస్తాద్ నా వెనక మోపెడ్ ఎక్కి, అడవి దారిలో గూడెం దాకా వచ్చాడు. అరవై దాటిన మనిషి. సోమయ్య దడి కడుతున్నాడు. ఉస్తాద్ బండి దిగి, "అడగకుంట పంపిన. గలతీ నాది. రా బేటా" అన్నాడు, అంతే. సోమయ్య చేతులు కడుక్కోవడానికి పోయాడు. చాటతో వడ్లు చెరుగుతున్న ముత్తమ్మ మాత్రం నన్ను వదల్లేదు.

"నువ్వేనా కథలు చెప్పేటోడివి?"

"అవ్ అమ్మా."

"మా ఊళ్లె తాగినోడు తాగిన అనే చెప్తడు. దాచుకునే పనేముంది? మేం దేవరకు పోస్తం, మేమూ తాగుతం. వీనికే పడదు, చిన్నప్పటి సంది వాసనకే కక్కుకుంటడు. కథ కట్టేముందు కనుక్కొని కట్టద్దా, నాయనా?"

సోమయ్య తిరిగొచ్చాడు. నూనె గుడ్డ మళ్లీ అతని చేతికే పోయింది. ఇక్కడితో ఆపితే మంచి కథ అయ్యేది. కాని బజారు ఊరుకోలేదు. షాఫ్టు తెచ్చిన ప్రతివాడూ అతన్ని చూసి ముక్కు ముందుకు పెట్టి, "ఏదీ సోమయ్యా, ఒకసారి ఊదు" అనేవాడు. సరదాకే. అతను కూడా మొదట్లో సరదాగానే ఊదేవాడు. సారా సోమయ్య అన్న పేరు స్థిరపడింది. ఒక రైతు అతను చూసి ఇచ్చిన షాఫ్టును వెనక్కి తెచ్చి, "నువ్వొకసారి చూడు ఉస్తాద్, ఎందుకైన మంచిది" అన్నాడు. ఉస్తాద్ ఆ షాఫ్టును రోడ్డు మీదికి విసిరేసి, "నా షాపుకు రావద్దు" అని అరిచాడు. ఆయన అరవడం నేను విన్నది అదొక్కసారే. దాంతో ఆ పేరు ఇంకో మూడు ఊళ్లకు పాకింది. ఎండలు ముదిరే నాటికి సోమయ్య ఆకురాళ్లు మళ్లీ గుడ్డలో చుట్టుకున్నాడు. ఎందుకు పోతున్నావని అడిగాను. "ఊది ఊది నోరు నొస్తుందన్నా" అన్నాడు నవ్వుతూనే. ఉస్తాద్ ఆపలేదు. తర్వాత రెండేళ్లు, చేతులకు పాత బనీను గుడ్డ చుట్టుకుని, బల్లకు నూనె రాసింది నేనే.

ఇప్పుడు ఖమ్మంలో నా షాపులో ఉన్నది స్టెయిన్‌లెస్ బల్ల. టీ ఒలకవచ్చు, నిమ్మకాయ పిండుకోవచ్చు, తడిగుడ్డతో తుడిస్తే అద్దం. షాఫ్టు వంగిందా లేదా అని దొర్లించి చెవిపెట్టి వినేవాళ్లు లేరు, అనుమానం వస్తే కొత్తది వేయిస్తారు. తుప్పుకు భయపడి సాయంత్రాలు నిప్పులు రాజేసిన మనుషులమని మా పనివాళ్లకు చెబితే, అది కూడా నా కోతల్లో ఒకటనుకుంటున్నారు. నేను ఒట్టు వేయడం మానేసి చాలా కాలమైంది.

ఫాతిహాకు సోమయ్య రాలేదు. ఉస్తాద్ కొడుకును అడిగితే, "కబురు చెప్పెటందుకు ఆయన ఫోన్ నంబరు మా దగ్గర లేదన్నా" అన్నాడు. పెళ్లయ్యాక అత్తగారి వైపు, చండ్రుగొండ అవతల ఎక్కడో షాపు పెట్టుకున్నాడని మాత్రం విన్నాను. ఉస్తాద్ పోయిన సంగతి ఇంకొకరి నోట అతను వినకూడదనిపించి, ఆ మర్నాడే బండి మీద పోయాను. మూడు దారులు కలిసే చోట ఒక కిరాణా కొట్టు. లోపల నా వయసు ఆమె పప్పు తూస్తూంది.

"సోమయ్య మేస్త్రి ఇల్లు ఎక్కడమ్మా?"

"ఏ సోమయ్య? ఈడ నలుగురున్నరు."

"మోటార్లు బాగు చేస్తడు."

"మోటార్లోళ్లే ఇద్దరున్నరు."

"సన్నగ ఉంటడు. తక్కువ మాట్లాడుతడు. పనిల మంచి చేయి."

ఆమె తక్కెడ దించి నా ముఖం చూసింది. అరుగు మీది ముసలాయన్ని అడిగింది. ఆయనా తల అడ్డంగా ఊపాడు. ఇంటిపేరు చెప్పాను, గూడెం పేరు చెప్పాను, వాళ్లమ్మ పేరు చెప్పాను. వాళ్లకు ఒక్కటీ ఎరుక లేదు. హెల్మెట్ బండి మీద పెట్టి అప్పుడన్నాను.

"సారా సోమయ్య."

"ఓ, ఆయననా! గట్ల చెప్పాలె గదా ముందుగాలనే. గా నీలం రేకుల షెడ్డు." ఆమె చేయి బారజాపి చూపించి, మళ్లీ పప్పు మీదికి వంగుతూ అంది: "మందు చుక్క ముట్టడు పాపం. ఎవలు పెట్టిన్రో ఆ పేరు. నీకేమన్న ఎరికేనా?"

"ఎరికేనమ్మా" అన్నాను.

బండి స్టార్టు చేయలేదు. నీలం రేకుల దాకా తోసుకుంటూ నడిచాను.